పొగ తగలని పెట్టె

నేను ఒక పొగ కొలిచే పెట్టెను. అరచేతిలో ఇమిడిపోతాను. తెల్లటి ఒళ్ళు, మెడకో పట్టీ, పక్కన గాలి పీల్చుకోవడానికి సన్నటి రంధ్రాలు, కింద అంకెలు కనిపించే గాజు ముక్క. లోపల ఒక బుల్లి ఫ్యాను తిరుగుతూ గాలిని లాగుతుంది, ఆ గాలిలో మసి ఎంత ఉందో ఒక చిన్న దీపం పసిగడుతుంది. ఇంతే నా సంగతి. పొగ ఉందో లేదో కళ్ళు మండితే తెలిసిపోదా, దానికో పెట్టె ఎందుకు అని మీరు అడగవచ్చు. నాకూ ఆ అనుమానం వచ్చింది. కానీ మనుషుల పద్ధతి వేరు. ఆడవాళ్ళు తరాల తరబడి పొయ్యి ముందు కళ్ళు తుడుచుకుంటే అది వంటింటి వ్యవహారం. నేను ఒక్క అంకె చూపిస్తే అది పరిశోధన.

పుట్టింది పుణె దగ్గర ఒక చిన్న కర్మాగారంలో. నేను సరిగ్గా పనిచేస్తున్నానో లేదో చూడడానికి నన్నొక గాజు గదిలో పెట్టి అగరొత్తి వెలిగించారు. నా మొదటి ఊపిరి అదే. లోకంలో పొగంటే అలాగే ఘుమఘుమలాడుతూ ఉంటుందని నమ్మి, బోలెడు ఉత్సాహంతో అట్టపెట్టెలో కూర్చుని విశాఖపట్నం బయల్దేరాను.

అక్కడ ఒక పరిశోధన సంస్థలో హైమ అనే అమ్మాయి చేతికి చిక్కాను. చిక్కాను అంటున్నాను గానీ, అంత నెమ్మదైన చేతులు నేను మళ్ళీ చూడలేదు. ఆమె డాక్టరేటు కోసం చదువుతోంది. గ్యాసు బండలు అందిన ఊళ్ళలో పాత పొయ్యి నిజంగా ఆరిపోయిందా, ఆరకపోతే ఆ పొగ ఎవరి ఊపిరితిత్తుల్లోకి పోతోంది అన్నది ఆమె ప్రశ్న. దాని వెనక ఇంకో విషయం ఉంది. ఏ ఊళ్ళో పొగ ఎక్కువని తేలితే ఆ ఊళ్ళో ఇంటింటికీ సోలారు కరెంటుతో నడిచే పొయ్యి ఇస్తారు. నెలకోసారి ఛాతీ డాక్టరు వ్యాను కూడా వస్తుంది. అయితే ఈ మాట ఊళ్ళవాళ్ళకు చెప్పకూడదు. చెబితే పొయ్యి మీద ఆశతో కావాలని పొగ పెంచుతారని సంస్థలో ప్రొఫెసరు గారి భయం. పేదవాళ్ళ తెలివితేటల మీద పెద్దవాళ్ళకు ఎప్పుడూ అపారమైన నమ్మకం.

అలా పలాస దాటి, జీడితోటల మధ్య ఉన్న పైడివలసకు వెళ్ళాం. ఆ ఊరి ఆడవాళ్ళు జీడిపిక్కలు కొట్టే షెడ్లలో పనిచేస్తారు. పప్పు యజమానికి పోతుంది, తొక్క వీళ్ళ గంపల్లో ఇంటికొస్తుంది. జీడితొక్కలో నూనె ఉంటుంది కాబట్టి భగ్గున అంటుకుంటుంది, అన్నం చకచకా ఉడుకుతుంది. దాని పొగ మాత్రం నల్లగా, జిడ్డుగా, గొంతు గీరుతూ ఇల్లంతా పరుచుకుంటుంది. ఊరికే వచ్చే తొక్క గుట్టగా పడి ఉండగా గ్యాసు ఎవరు వెలిగిస్తారు? గ్యాసు చుట్టాలొచ్చినప్పటి మాట.

మొదట నన్ను దమయంతి ఇంట్లో పెట్టారు. భర్త చేపల పడవల మీద గుజరాత్ వైపు వెళ్ళాడు. ఇంట్లో ఆమె, అత్త గున్నమ్మ, ఇంకా పాలు మానని కూతురు మోక్షిత. పిల్ల గుండెల్లో అప్పుడప్పుడూ పిల్లికూతలు వినిపించేవి. పలాస డాక్టరు మందు రాసి, పొగ తగలనివ్వొద్దన్నాడట. వంట చేసే మనిషి చంకలో పిల్ల ఉంటే ఎలా తగలకుండా ఉంటుందో ఆయన రాయలేదు.

హైమ నన్ను పొయ్యికి పైనున్న వాసానికి వేలాడదీసింది. "చాలా ఖరీదైందమ్మా, జాగ్రత్త. కింద పడకూడదు, తడవకూడదు. రేపు పొద్దున్న వస్తాను, అంతవరకూ ఇక్కడే ఉండనివ్వండి" అంది.

"నీకెందుకమ్మా బెంగ? నా మనమరాల్ని సూసుకున్నట్టు సూసుకుంతాను" అంది గున్నమ్మ.

వీధి మలుపు దాకా వెళ్ళి హైమను సాగనంపి వచ్చి, గున్నమ్మ నన్ను ఎగాదిగా చూసింది. ఆ ఇంట్లో టీవీ రిమోటుకు కవరుంది. ఆధార్ కార్డుకు కవరుంది. గ్యాసు పొయ్యి మీద పూలపూల గుడ్డ ఉంది. విలువైన వస్తువును కప్పి ఉంచడం అక్కడ మర్యాద. కప్పకుండా వదిలేస్తే ఆ ఇంటి ఆడవాళ్ళకు పనీపాటా రాదని అర్థం.

"ఒలే దమయంతీ, ఇంత తెల్లటి సామాను పొగలో ఎలగ ఎట్టీసిందే ఆ పిల్ల! రేపటికి కుండ అడుగులాగ అయిపోతాది. ఆ ఉప్మారవ్వ కవరు ఇలగ తే" అంది.

దమయంతి కవరు తెచ్చింది. అత్తాకోడళ్ళు ఇద్దరూ కలిసి, నా ఒంటి మీద ఎక్కడా సందు లేకుండా చుట్టి, పైన రబ్బరు బ్యాండు వేశారు. ఎంత శ్రద్ధగా వేశారంటే నాకు కోపం కూడా రాలేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది, లాగడానికి గాలి లేదు. తరువాత దమయంతి పిల్లను చంకనేసుకుని పొయ్యి రాజేసింది. పొగ లేచి వాసాలకు తగిలి కిందికి వంగింది. పిల్ల దగ్గింది. గుండెల్లో కూత మొదలైంది. దమయంతి పైటకొంగుతో పిల్ల ముక్కు మూసి, రెండో చేత్తో ఎసట్లో బియ్యం పోసింది. కవరులో నేను తళతళలాడుతూ ఉన్నాను. నాకు పొగ తగలలేదు. చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉన్న పిల్లకు తగిలింది.

మర్నాడు హైమ వచ్చేసరికి కవరు తీసేసి, నన్ను తడిగుడ్డతో తుడిచి, మళ్ళీ వాసానికి తగిలించారు. పొరుగింటి నుంచి తెచ్చుకున్న గిన్నెను తోమకుండా తిరిగివ్వడం ఎంత తప్పో, నన్ను మసితో తిరిగివ్వడం అంత తప్పు. ఖాళీగా ఇవ్వడం ఇంకా తప్పు గనక నాతోపాటు గుప్పెడు జీడిపప్పు కూడా పొట్లం కట్టి ఇచ్చారు. హైమ టీ తాగింది. టీ గ్యాసు మీద పెట్టారు. ఆమె ఎప్పుడు వచ్చినా గ్యాసు మీదే పెట్టేవారు. విశాఖపట్నం నుంచి వచ్చిన పిల్లకు పొగ వాసనేసే టీ ఇస్తారా ఎవరైనా?

వీధి కుళాయి దగ్గర గున్నమ్మ ఈ జాగ్రత్త అందరికీ నేర్పింది. ఆ తరువాత నేను ఏ ఇంటికి వెళ్ళినా కవరు సిద్ధంగా ఉండేది. ఒక ఇల్లాలు ఏకంగా రెండు కవర్లు వేసింది. నాకు నోరుంటే బతిమాలుకునేవాణ్ణి. నాకొచ్చింది అంకెలు చూపించడం ఒక్కటే, ఆ అంకెలను కూడా కవరు కప్పేసింది.

మధ్యలో కొండ మీది ఇంకో ఊరికి వెళ్ళాను. అక్కడ నన్ను పట్టించుకున్న నాథుడు లేడు. మేకుకు తగిలించి మరిచిపోయారు. కోడిపుంజు నా మీదెక్కి కూసింది, కూర ఎసరు నా మీద చిందింది, ఒళ్ళంతా మసి కొట్టుకుపోయింది. ఎంత హాయిగా పనిచేశానో చెప్పలేను. ఆ ఊరికి కరెంటు పొయ్యిలు వచ్చాయి.

పైడివలస అంకెలు చూసి ప్రొఫెసరు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. హైమ మాత్రం నసిగింది. "నమ్మబుద్ధి కావడం లేదు సార్. ఆ ఊరి నుంచి వచ్చినప్పుడల్లా నా చున్నీ పొగ కంపు కొడుతోంది."

"చున్నీ వాసన ప్రచురిస్తామా అమ్మా? అన్ని ఇళ్ళూ ఒకే మాట చెబుతున్నాయి. గ్యాసు అందింది, పొగ పోయింది. ఇలాంటి కబురు కోసం ఎన్నేళ్ళుగా చూస్తున్నామో నీకు తెలీదు" అన్నారాయన.

ఆయన చెడ్డవాడు కాదు. చెడు కబుర్లు రాసి రాసి అలిసిపోయిన మనిషి. మంచి కబురు ఎదురుగా వచ్చి నిలబడితే దాని కాళ్ళు వెనక్కి తిరిగి ఉన్నాయేమోనని ఎవరు వంగి చూస్తారు!

ఊరి మొదట్లో ఆకుపచ్చ బోర్డు లేచింది. పొగ లేని ఊరు. దాని కింద సభ జరిగింది, ఆదర్శ గృహిణి అని గున్నమ్మకు శాలువా కప్పారు. ఆమె మైకు పట్టుకుని, "మాకిచ్చిన సామాను మేం సాలా జాగర్తగా సూసుకున్నాం" అని ఒక్క ముక్క చెప్పి సిగ్గుపడి దిగిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. హైమ కూడా కొట్టింది. వెనక వరసలో దమయంతి పిల్ల వీపు నిమురుతూ నిలబడింది.

చలికాలం మొదలయ్యాక, మళ్ళీ ఒకసారి కొలిచి చూద్దామని హైమ నన్ను దమయంతి ఇంటికే తెచ్చింది. వాసానికి తగిలించి వెళ్ళిపోయింది. కానీ ఆ రోజు బస్సు ఆమె స్టాపుకు చేరకముందే వెళ్ళిపోయింది. తరువాతి బస్సు వచ్చేదాకా కూర్చుందామని ఆమె వెనక్కి తిరిగి, చెప్పాపెట్టకుండా గుమ్మంలోకి అడుగుపెట్టింది. పొయ్యిలో జీడితొక్క భగభగా మండుతోంది. పిల్ల చంకలో దగ్గుతోంది. నేను కవరులో వేలాడుతున్నాను.

"అదేంటమ్మా?" అంది హైమ.

"ఏటున్నాదమ్మా? పొగ తగిలితే పాడైపోతాదని కట్టినాం. ఊరంతా అలగే కడతారు. నీకు మాట రానివ్వకూడదు కాదేటి" అంది గున్నమ్మ, మెచ్చుకుంటుందేమోనని ఎదురుచూస్తూ.

హైమ స్టూలెక్కి కవరు విప్పింది. ఆ ఇంటి పొగ నా లోపలికి మొదటిసారి వచ్చింది. అంకె పరుగెత్తింది. నేను చూపించగలిగినంత చూపించి, ఇక పైకి చోటు లేక అక్కడే కొట్టుకుంటూ ఆగిపోయాను. హైమ కిందికి దిగి నేల మీద కూర్చుండిపోయింది. చెప్పకూడని మాట అప్పుడు చెప్పింది. అంకె పెద్దదైతే ఊరికి ఏమేం వచ్చేవో, చిన్నదైనందుకు ఏం రాకుండా పోయాయో అంతా చెప్పింది.

"అయితే... మేం మసి చేసి ఇస్తే బాగుండునేటమ్మా?" అంది గున్నమ్మ.

హైమకు ఏడుపొచ్చింది. దమయంతికి కోపమొచ్చింది. "ముందే ఓ మాట సెప్పుంటే నీ సొమ్మేం పోయేదమ్మా? మేం దొంగలమేటి?" అంది. అని, పిల్లను ఎత్తుకుని వీధిలోకి వెళ్ళిపోయింది. పొయ్యి మీద అన్నం మాడింది.

హైమ దాచలేదు. ఊరి లెక్కంతా తప్పని ప్రొఫెసరు గారికి చెప్పింది, తన చదువు ఏమైపోయినా ఫరవాలేదంది. ఆయన ముఖం వాడిపోయింది. పొయ్యిలు పంచేశారు, వ్యాను దారి ఖాయమైంది, ఫలితం అచ్చయింది, బోర్డు లేచింది. ఇప్పుడు మళ్ళీ కొలవాలంటే మళ్ళీ అనుమతులు రావాలి, వచ్చే ఏడాది గానీ కుదరదు. పైగా అన్ని ఇళ్ళూ ఒకటి చెబుతుంటే ఒక్క ఇల్లు ఇంకోటి చెబుతోంది, అలాంటప్పుడు అనుమానించాల్సింది ఊరిని కాదు, పెట్టెను అన్నారు సంస్థలోని కమిటీ పెద్దలు. నా వీపున ఎర్ర చీటీ అంటించారు. పనికిరాదు అని. ఆ ఊళ్ళో నేను నోరు తెరిచి చెప్పిన ఒకే ఒక్క నిజానికి దక్కిన బిరుదు అది. నాకు చాలా బాధేసింది. మనిషికైతే మతి పోయిందనేవారు, పెట్టెను గనక చీటీతో సరిపెట్టారు.

పారేసే సామాన్ల బుట్టలోంచి హైమ నన్ను తీసి తన సంచిలో వేసుకుంది. ఎవరూ అడగలేదు.

మంచు బాగా పట్టిన రోజుల్లో ఒక పొద్దున ఆమెకు పైడివలస నుంచి ఫోను వచ్చింది. శ్రీకాకుళం ఆసుపత్రికి వెళ్ళేసరికి మోక్షిత ముక్కుకు గొట్టం ఉంది. పక్కటెముకలు లోపలికి లాక్కుపోతున్నాయి. హైమ అక్కడే ఉండిపోయింది. గున్నమ్మ ఆమెకు గ్లాసుతో మంచినీళ్ళు ఇచ్చింది. దమయంతి మాత్రం ఆమె వంక చూడకుండా పిల్ల పాదాలు పట్టుకుని కూర్చుంది. చుట్టూ ఉన్న మంచాల నిండా దగ్గే పిల్లలే.

కొన్నాళ్ళకు పిల్ల తేరుకుంది. గొట్టం తీసేశారు. అమ్మ కొంగు పట్టుకుని లాగింది, నవ్వింది. ఆ పూటే దమయంతి, ఆసుపత్రికి వచ్చాక మొదటిసారి, హైమతో మాట్లాడింది. "ఆ పెట్టె ఉన్నాదేటి? ఇక్కడ గాలెలగుందో సూడు" అంది.

హైమ నన్ను తీసి మంచం కడ్డీకి తగిలించింది. నేను నిదానంగా ఊపిరి తీసుకుని చిన్న అంకె చూపించాను. ముగ్గురూ తలలు వంచి దాన్ని చూశారు. గున్నమ్మ చేత్తో నా ఒళ్ళంతా తడిమి, "నిజవే? దీని మీద ఏటీ కప్పి నేదు కదా?" అంది.

"లేదమ్మా, నిజమే" అంది హైమ.

అప్పుడే డాక్టరు వచ్చాడు. పిల్ల ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి విని, బుగ్గ గిల్లాడు. "పాప బ్రహ్మాండంగా ఉంది. ఇవాళ ఇంటికి తీసుకుపొండి. పొగ మాత్రం తగలనివ్వకండి" అని పక్క మంచానికి వెళ్ళిపోయాడు.

మంచి కబురు విని ఎవరూ కదల్లేదు. నా అంకె అలాగే వెలుగుతోంది. గున్నమ్మ బట్టల మూట కట్టింది, మళ్ళీ విప్పింది. దమయంతి పిల్లను ఒళ్ళోకి తీసుకుని హైమ ముఖంలోకి చూసింది.

"ఏ ఇంటికమ్మా?" అంది.

గాలి ఎలా ఉందో నేను చెప్పగలను, ఎక్కడికి వెళ్ళాలో చెప్పలేను. వాళ్ళు అలా ఎంతసేపు కూర్చునేవారో తెలియదు. ఆ మంచం ఖాళీ అవుతుందని విన్న ఇంకో తల్లి, ఎగశ్వాసతో ఉన్న పిల్లాణ్ణి భుజాన వేసుకుని గుమ్మంలో వచ్చి నిలబడింది. ఆమెను చూసి దమయంతి పిల్లను ఎత్తుకుని లేచింది.