ఏడో ఇల్లు

అన్ని ప్రాణుల్లోనూ ఆ పరమాత్మే ఉంటే ఈ కంపులో కూడా ఉన్నాడా అని ఏళ్లుగా నన్ను తొలుస్తున్న సందేహాన్ని, ముక్కుకి ఉత్తరీయం అడ్డం పెట్టుకుని, పోయినేడాది కన్నుమూసిన మా అక్క హైమావతిని అడుగుతున్నాను. ఆమె తన వరండాలో పీట మీద కూర్చుని, ఒళ్లోని ఒంటికన్ను పిల్లి చెవిలోంచి చిన్న పట్టకారుతో పురుగులు తీస్తోంది; అవి తెల్లగా మెలితిరుగుతూ కొబ్బరి చిప్పలో పడుతుంటే నా గొంతులోకి పుల్లటి నీళ్లు ఎగదన్నుతున్నాయి.

"ఉన్నాడో లేడో నాకేం తెలుసురా. పురుగులున్నాయి, తీస్తున్నాను. ఆ పసుపు ఇటివ్వు."

"మడిలో ఉన్నానక్కా."

"చచ్చినా నీ మడి నన్ను వదల్లేదు," అని నవ్వుతుంది.

వరండా ఎప్పుడు కదిలిందో తెలియదు, మేమిద్దరం బస్సులో ఉన్నాం, వీధులు తడిబట్టల్లా జారిపోతున్నాయి, సీట్ల మధ్య పిల్లులు కండక్టర్లలా తిరుగుతున్నాయి. చేపల నీళ్లు, ఉచ్చ, డెట్టాలు కలిసిన అదే వాసన. వీధి పిల్లుల్ని తెచ్చి, నయం చేసి, అడిగినవాళ్లకి పెంపకానికిచ్చే అక్క ఇంటి గడపని నన్ను ఏనాడూ దాటనివ్వనిది ఆ వాసనే.

"అన్నీ ఇళ్లు చేరాయి. ఇదొక్కటే మిగిలింది," అంటుంది అక్క. "ఆరిళ్లకి పంపాను. కన్ను చూసి ఒకళ్లు, చీము చూసి ఒకళ్లు, అందరూ తిప్పి పంపేశారు. పిల్లి ఏడిళ్లు తిరుగుతుందంటారు కదా."

"మా ఇంట్లో దేవుడున్నాడక్కా."

"ఉండనీ. ఇది ఆయన్నేమీ అనదు."

"నీ తరవాత వీటిని చూస్తున్న శాంతగారు ఫోన్ చేశారు. దీన్ని ఎవరూ తీసుకోకపోతే చేపల మార్కెట్లో వదిలేస్తారట."

"అక్కడ కుక్కలున్నాయిరా."

"తెలుసు."

ఆమె పిల్లిని నా ఒళ్లోకి తోస్తుంది. చీము ఉత్తరీయానికి అంటుకుంటుంది. విదిలించబోతే దాని పొట్ట గురగురమని నా అరచేతిలో అదురుతుంది.

"పోనీ, నా మూతబుట్టన్నా ఇచ్చెయ్. వ్రతం సామాన్లకని పట్టుకెళ్లావు, ఎన్నేళ్లయింది? అది వీటికోసం కొనుక్కున్నాన్రా. అప్పట్నించీ బియ్యం సంచుల్లో మోస్తున్నాం. ఊపిరాడక ఏడుస్తాయి."

"అందులో హారతి పళ్లెం..." అంటుండగా మెలకువ వచ్చింది.

ఎండ మంచం మీదికి పాకింది. "శాంతగారొచ్చారండీ," అంటోంది మా ఆవిడ.

గుమ్మంలో శాంతగారి చేతిలో బియ్యం సంచి. అడుగు తడిసి ఉంది. లోపల్నించి ఎగశ్వాస వినిపిస్తోంది.

"మార్కెట్‌కి వెళ్తున్నానండి. ఆఖరిసారి అడిగి పోదామని."

పూజగదిలోకి వెళ్లి, బుట్టలోంచి గంట, హారతి పళ్లెం తీసి పీట మీద పెట్టాను. ఖాళీ బుట్టతో తిరిగొచ్చి సంచి మూతి నేనే విప్పాను. ఒంటికన్ను పిల్లి నా పాదం మీదుగా నడిచి, చీము రాసి, చెప్పుల పక్కన కూలబడింది. ఊపిరి బిగబట్టుకునే మాట్లాడాను.

"దీన్ని ఇక్కడే ఉండనివ్వండి. ఈ బుట్ట మా అక్కది, పట్టుకెళ్లండి. ఇంక వాటిని సంచుల్లో మొయ్యకండి."