సీసాల్లోకి వచ్చిన మంచినీళ్ళు

మా కాలనీ కుళాయి నీళ్ళకి షాంపూ నురగ రాదు. ఎంత పోసినా జిగురుగా జుట్టునంటుకుని కూర్చుంటుంది. తల ఆరాక దువ్వెన దిగదు. కుళాయి మూతికి తెల్లటి పెచ్చు, బకెట్ అడుగున సుద్ద, గీజర్ విప్పితే లోపల రాయి. ఇవన్నీ ఇంటింటా ఉన్న సంగతులే. అయినా మాట పడింది మాత్రం నేను. ఎందుకంటే వీధి చివర ఉన్న లేడీస్ పార్లర్ నాది.

"నీ దగ్గర రంగు వేయించుకున్నాక జుట్టు పీచైపోయింది" అని ఒకావిడ. "చౌక సరుకు వాడుతున్నావేమో, చూసుకో తల్లీ" అని ఇంకొకావిడ. వాడే డబ్బాలు తెచ్చి ముందు పెట్టినా నమ్మరే! నీళ్ళమ్మా, తప్పు నీళ్ళది అని మొత్తుకుంటే వంకలు చెప్తున్నానన్నారు. ఒక్కొక్కరే మెయిన్ రోడ్డు మీది పార్లర్‌కి మళ్ళారు. ఈ చేతుల్ని నమ్ముకుని బతికేదాన్ని. వీటికి చెడ్డపేరొస్తే షాపుకి తాళమే.

ఒళ్ళు మండి నీళ్ళ ఆఫీసుకి కాళ్ళరిగేలా తిరిగాను. చివరికి ఇంజనీరు దిగొచ్చాడు. ఇంటికో ఖాళీ సీసా ఇస్తారట. పొద్దున్నే వంటింటి కుళాయి నీళ్ళు పట్టివ్వాలట. పరీక్షలో సున్నం ఎక్కువని తేలితే ట్యాంకు దగ్గర నీళ్ళు మెత్తబరిచే ప్లాంటు పెడతారట. షాపుల నీళ్ళు లెక్కలోకి రావన్నాడు. కంప్లయింటు ఇచ్చినదాన్ని కాబట్టి సీసాల జోలికి నేను పోకూడదన్నాడు. సరేనన్నాను. నాకేం భయం? మా అన్నయ్యా వదినా ఉండేది పక్కింట్లోనే. సీసాలు పంచే పని, పోగుచేసే పని వదినే నెత్తినేసుకుంది.

"నువ్వు నిశ్చింతగా ఉండవే. నీ పేరు నిలబెట్టే పూచీ నాది" అన్నాడు అన్నయ్య. అమ్మా నాన్నా పోయాక వంకరటింకర పాపిడి తీసి, జడేసి నన్ను బడికి పంపింది ఈ అన్నయ్యే. ఆ మాటతో హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

కాలనీ హాల్లో అందరినీ కూర్చోబెట్టి ఇంజనీరు ఫలితం చెప్పాడు. నీళ్ళు శుభ్రంగా, మెత్తగా ఉన్నాయట. సున్నం ఊసే లేదట. ప్లాంటు అక్కర్లేదట. నా చెవులు గింగురుమన్నాయి.

"ఇప్పుడేమంటావు పార్లరమ్మా?" అని వెనకనుంచి ఎవరో అన్నారు. హాలంతా ఘొల్లుమంది. నాకు తల కొట్టేసినట్టయింది. అన్నయ్య వైపు చూశాను. తలొంచుకుని ఫోన్ చూసుకుంటున్నాడు.

తిన్నగా వదిన వంటింట్లోకి వెళ్ళాను. గిన్నెలు తోముతోంది.

"సీసాల్లో ఏ నీళ్ళు పట్టారు వదినా?"

చేతిలో గిన్నెని ఇంకాస్త గట్టిగా రుద్దింది. తర్వాత, "ఫిల్టర్‌లోవి" అంది.

"మీరొక్కరేనా?"

"అందరూనూ. నేనే చెప్పాను. పై ఆఫీసుకి వెళ్ళే సీసాలాయె. పెచ్చులు కట్టే నీళ్ళు పంపితే మన మర్యాదేం కాను?"

"మర్యాదా! వాళ్ళేమన్నా దాహమేసి అడిగారా వదినా? పరీక్ష చెయ్యడానికి కదా!"

"నా మీద అరవకు. చెప్పించింది మీ అన్నయ్యే. ఇల్లు అమ్మకానికి పెట్టాం. ఈ కాలనీ నీళ్ళు చెడ్డవని ఆఫీసువాళ్ళే ముద్ర వేస్తే ఎవరు కొంటారు చెప్పు? తక్కినవాళ్ళకీ అదే భయం. నీకేముంది, షాపు ఇంకోచోట పెట్టుకుంటావు."

ఇల్లు అమ్ముతున్నారన్న సంగతి అప్పటిదాకా నాకు తెలియదు. లోపలి గదిలో టీవీ మోత ఉన్నట్టుండి పెరిగింది. అన్నయ్య అక్కడే ఉన్నాడు. బయటికి రాలేదు.

పరాయివాళ్ళయితే వీధిలోకి లాగి కడిగేసేదాన్ని. అన్నయ్యనేం చెయ్యను? షాపు తలుపులు దగ్గరగా వేసుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. ఎవరికీ చెప్పలేదు. చెప్తే పోయేది వాళ్ళ పరువేగా అని నోరు కుట్టేసుకున్నాను.

ఆ తర్వాత వారం, ఇల్లు చూడ్డానికి మొగుడూ పెళ్ళాలెవరో వచ్చారు. అన్నయ్య వీధంతా తిప్పి చూపిస్తున్నాడు. ఆవిడ నా బోర్డు చూసి గబగబా లోపలికొచ్చేసింది.

"ఇక్కడ నీళ్ళు ఎలా ఉంటాయండీ? జుట్టు ఊడిపోతుందని ఎవరో అన్నారు" అని నన్నే అడిగింది.

నేను నోరు తెరిచేలోపు అన్నయ్య వెనకే వచ్చి నవ్వాడు. "నీళ్ళకేమండీ, బ్రహ్మాండం. ఆఫీసువాళ్ళే తేల్చారు. ఇది మా చెల్లెలే, నేను చెప్పకూడదు గానీ, దీనికి పని సరిగ్గా రాదు. ఎవరి జుట్టన్నా పాడైతే నీళ్ళ మీదికి తోసేస్తుంది."

నా షాపులో, నా కుర్చీ మీద చెయ్యేసి నిలబడి అన్నాడా మాట. అతను నోరు మూసుకునుంటే, ఒట్టు, నీళ్ళు బాగుంటాయండీ అనే చెప్పేదాన్ని. నా నోట్లో నేనే మన్ను కొట్టుకుని మరీ చెప్పేదాన్ని.

"మీ చేతిలో తాగేనీళ్ళ సీసా ఉందిగా, అవి కాస్త అరచేతిలో పోసుకోండమ్మా" అన్నాను. అందులో ఒక చుక్క షాంపూ వేశాను. "రుద్దండి." చేతినిండా నురగ.

"కడిగేసుకుని, ఇప్పుడు నా కుళాయి కింద పట్టండి."

"టైం లేదమ్మా, ఇవన్నీ ఎందుకిప్పుడు" అన్నాడు అన్నయ్య. ఆవిడ అప్పటికే కుళాయి తిప్పింది. అదే షాంపూ వేశాను. నేను ముట్టుకోనైనా లేదు, ఆవిడ చేతులతో ఆవిడే రుద్దుకుంది. నురగ రాలేదు. విరిగిన పాలలా తెల్లటి ముక్కలు వేళ్ళ సందుల్లో తేలాయి. ఆవిడ ఆ చేతులు మొగుడికి చూపించింది. మళ్ళీ ఫోన్ చేస్తామండీ అని ఇద్దరూ వెళ్ళిపోయారు.

అన్నయ్య గుమ్మంలోనే ఉండిపోయాడు. మొహం పాలిపోయింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"బయటివాళ్ళు చేస్తే సరిపెట్టుకుందును. తోడబుట్టినదానివి, నువ్వే నా గొంతు కోస్తావనుకోలేదే" అన్నాడు.

వారం రోజులుగా పడుకున్నా లేచినా నాలో నేను అనుకుంటున్న మాట అది. అతని మొహం మీద అనలేక గొంతులోనే దాచుకున్నాను. దాన్నీ నాకు దక్కనివ్వలేదు.