తెగిన చెవి వీరుడు

నాటకంలో దొంగల నాయకుడి వేషం నాది. నరీన్ నది ఒడ్డున ఉన్న మా కిర్గిజ్ ఊళ్లో ఆ నాయకుడు నిజంగా బతికిన మనిషే. పేరు సూయున్. కొండల్లో ఎర్రసైన్యాన్ని ఎదిరించాడు. సంధి మాటలకు రమ్మని పిలిచి, వాగు దగ్గర అతను వంగి నీళ్లు తాగుతుంటే యెరెమేయెవ్ అనే రష్యన్ దళపతి వెనకనించి కాల్చాడు. సూయున్ భార్య ఆ దళపతి మీదపడి అతని చెవి సగం కొరికేసింది. సైన్యం సూయున్ శవాన్ని ఇవ్వలేదు, ఇంటివాళ్లను ఏడవనివ్వలేదు.

ఆ యెరెమేయెవ్ తర్వాత నవలాకారుడయ్యాడు. అతని నవలలో వీరుడు తనే. చెవి దొంగ కత్తికి తెగింది. వీరుడు ఎదురెదురుగా పోరాడి గెలిచాడు. దొంగ భార్య అతని కాళ్లు మొక్కి, "మాకు వెలుగు చూపించావు బాబూ" అంది.

ఆ నవలనే మేం మా భాషలో నాటకం ఆడాలి. చూడటానికి రచయితే వస్తున్నాడు.

"కిదిర్, ఇంకా క్రూరంగా నవ్వు. పెళ్లాన్ని జుట్టు పట్టి ఈడ్చు" అన్నాడు దర్శకుడు చొరొబాయ్.

"నా పెళ్లాం వింటే నన్నే ఈడుస్తుంది" అన్నాను. "అయినా వాళ్ల కథల్లో మనం దొంగలమైనా కావాలి, కాళ్లు మొక్కేవాళ్లమైనా కావాలి. మూడో వేషమే లేదా?"

"నోరు మూసుకుని గడ్డం అంటించుకో!"

భార్య వేషం జూరా అడిగి మరీ తీసుకుంది. జూరా సూయున్ కూతురు. రాజధాని నుంచి వచ్చిన చొరొబాయ్‌కి ఆ సంగతి తెలియదు.

"నీకు సిగ్గు లేదా?" అని చాటుగా నిలదీశాను.

"నువ్వు కదలకుండా చచ్చి పడుకో అన్నా, చాలు" అంది.

ప్రదర్శన నాడు హాలు నిండిపోయింది. ముందు వరుసలో పతకాలతో యెరెమేయెవ్. నేను తూటా తగిలి గుడారం ముందు పడ్డాను. జూరా వీరుడి కాళ్లు మొక్కాలి. మొక్కలేదు. చావు ఇంట్లో మా ఆడవాళ్లు కూర్చున్నట్టే, జనానికి వీపు పెట్టి గుడారం గోడవైపు కూర్చుని శోకం ఎత్తుకుంది.

"దోసిట నీళ్లు నోటికందలేదు నాన్నా,
ఎదుట నిలిచి కొట్టే మగాడు రాలేదు నాన్నా,
మా అమ్మ పళ్లకు చెవి వదిలి
ప్రాణం దక్కించుకున్నవాడు
ముందు వరుసలో మెత్తగా కూర్చున్నాడు నాన్నా!"

భార్య పాత్ర నాన్నా అంటోందేమిటని ఎవరూ అనుకోలేదు. ఊళ్లో ముసలివాళ్లందరికీ అర్థమైంది. చచ్చిపడున్న నేను ఒక కన్ను సగం తెరిచాను.

మా భాష రాని యెరెమేయెవ్ లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. అతనొక్కడే. హాలంతా అతని చెవినే చూస్తోంది. కాసేపటికి ఆ చూపులు తగిలాయి. చప్పట్లు ఆగిపోయి చెయ్యి చెవి మీదకు పోయింది. వెనక వరుసలో ఒక ముసలామె గట్టిగా ఉమ్మింది. జూరా ఇటు తిరిగి అతని కళ్లలోకి చూసింది. అతను చూపు నిలపలేక, జనాన్ని తోసుకుంటూ, టోపీ కూడా మరిచి బయటపడ్డాడు.

తెల్లారేసరికి నాటకం రద్దయింది. చొరొబాయ్ ఉద్యోగం పోయింది. జూరాని అధికారులు పై కొండల్లోని గొర్రెల పెంపకం క్షేత్రానికి పంపేశారు. నన్ను విచారణకు పిలిచి, ఆమె పాడిందేమిటని అడిగారు.

"నేను చచ్చి ఉన్నానండీ, వినలేదు" అన్నాను.

ఆమె లారీ ఎక్కుతుంటే వేడి రొట్టెలు మూటకట్టి ఇచ్చాను.

"కడుపు చల్లబడిందా తల్లీ?"

"సగమే అన్నా. ఇప్పుడు ఆ శోకాన్నే రష్యన్‌లో కడుతున్నా. ఈసారి వాడికి అర్థం కావాలి."

డ్రైవర్ హారన్ కొట్టాడు. జూరా ఒక రొట్టె విరిచి, నములుతూ, గొంతు సవరించుకుంది.