నిలబెట్టుకున్న సాక్ష్యం

పన్నెండేళ్ల కింద మొండయ్య బాప్తిస్మం తీసుకుని ఇమ్మానుయేల్ అయ్యాడు. వాగులో మునిగి లేచిన రోజే మొలతాడుకున్న తాయెత్తు తెంపి పారేశాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. ఇమ్మానుయేల్‌ది నీళ్లతో పోతుందా? తాయెత్తు జాగాలోకి ప్రార్థన నూనె సీసా వచ్చింది, అంతే. "పేరు మారితె కాదు, మనసు మారాలె" అని పాస్టరు వారం వారం చెప్పేవాడు. అది పక్కన కూర్చున్నవాళ్ల కోసమని ఇమ్మానుయేల్ తల ఊపేవాడు. రేగొండ దగ్గరి ఆ చిన్న సంఘానికి అతనే పెద్ద మరి.

నిరుడు వానాకాలంలో అతని భార్య బుచ్చమ్మకు టీబీ వచ్చింది. భూపాలపల్లి దవాఖానలో ఆరు నెలల గోలీలిచ్చి, ఒక్క పూట కూడా తప్పొద్దన్నారు. రెండు నెలలు దాటేసరికి దగ్గు తగ్గింది, ముఖం తేటపడింది. ఇమ్మానుయేల్ ఆగలేకపోయాడు. ఆదివారం ఆరాధనలో లేచి, "నా దేవుడు నా ఇంటిదాన్ని ముట్టిండు, పూర్తిగ బాగు చేసిండు" అని సాక్ష్యం చెప్పేశాడు. సంఘమంతా చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లే కొంప ముంచాయి.

ఇంటికొచ్చి బుచ్చమ్మ గోలీ చేతిలోకి తీసుకుంటే అతను వద్దన్నాడు.

"నలుగుట్ల సాక్ష్యం చెప్పినంక గోలీ మింగుతె ఎట్లనే? దేవుణ్ని అబద్ధికుణ్ని చేసినట్టు గాదా?"

ఆమె గోలీలు తీసి పక్కన పెట్టింది. మరుసటి ఆదివారం అతను గోలీలు మానేసిన సంగతి కూడా సాక్ష్యంలో కలిపాడు. దీపావళి నాటికి దగ్గు మళ్లీ వచ్చింది. ఆరాధనలో కొంగు నోట్లో కుక్కుకుని కూర్చునేది, మొగుడి మాట పోకూడదని. అతను చూశాడు. చూసి, పాట గొంతు పెంచాడు. చలి పోకముందే ఆమె పోయింది.

జబ్బు తిరగబెట్టిన సంగతి సంఘంలో ఎవరికీ తెలియదు. "ప్రభువు పిలుసుకున్నడు" అన్నారందరూ. అతనూ అదే అన్నాడు. అదే అనుకుంటూ మిగిలిన పత్తి ఏరాడు, పిల్లాజెల్లా లేని ఇంట్లో ఒక్కడే వండుకు తిన్నాడు.

మొన్న ఆదివారం సాక్ష్యాల వేళ సంగీత లేచింది. చెల్పూరుకు కూలికి పోయే శ్యాం భార్య, పాతికేళ్ల పిల్ల. ఆమెకూ అదే జబ్బు, ఆమెకూ రెండు నెలల్లోనే నెమ్మదించింది.

"ఇమ్మానుయేల్ మామ సాక్ష్యం నా మనసుల వడ్డది. విశ్వాసంతోని నేను గూడ గోలీలు బంద్ వెడుతున్న" అంది.

చప్పట్లు మొదలయ్యాయి. అలవాటు కొద్దీ ఇమ్మానుయేల్ చేతులు కూడా లేచాయి. అంతలో సంగీతకు దగ్గు తెర వచ్చింది. ఎవరైనా చూశారేమోనని గబుక్కున కొంగు అడ్డం పెట్టుకుంది.

అతను లేచిన చేతులు దించేశాడు. ఇప్పుడు నోరు మూసుకుంటే ఈ పిల్ల కూడా మట్టిలోకి పోతుంది. తెరిస్తే బుచ్చమ్మను ఎవరు పొట్టన పెట్టుకున్నారో సంఘానికి తెలుస్తుంది. అంతకన్నా ముందు తనకు తెలుస్తుంది. ఇన్నాళ్లూ అతను భయపడింది దానికే. లేచి నిలబడ్డాడు.

"బంద్ వెట్టకు బిడ్డా. నేను చెప్పింది తప్పుడు సాక్ష్యం. మీ అత్తకు జబ్బు తిరగవెట్టింది. బుచ్చమ్మను దేవుడు పిలువలే, నేను పంపిన. గోలీలిచ్చింది గూడ ఆయనే అని నా మట్టిబుర్రకు ఎక్కలే. దేవుని ఇజ్జత్ కాపాడుతున్న అనుకున్న. కాపాడుకున్నది నాది."

ఎవ్వరూ ఆమెన్ అనలేదు. పాస్టరు తల దించుకున్నాడు. నాడు చప్పట్లు కొట్టినవాళ్లలో ఆయనా ఉన్నాడు.

సంగీతే మెల్లగా అడిగింది. "అత్త గోలీలు అడుగలేదా మామా?"

"అడిగింది బిడ్డా. పోయే ముందటి రోజు, ఒక్కసారి. నేను మోకాళ్ల మీద ఉన్న, కండ్లు మూసుకొని ప్రార్థన చేస్తున్న. ఇనవడ్డది. ఇనవడనట్టే ఉన్న."

"నేను మింగుత మామా" అంది సంగీత, ఏడుస్తూ.

పాస్టరు అతన్నే ప్రార్థన చేయమన్నాడు. ఇమ్మానుయేల్ మోకరించాడు. గంటల తరబడి తడుముకోకుండా ప్రార్థించే నోటికి ఒక్క మాట అందలేదు. క్షమించమంటే దేవుడు క్షమిస్తాడు, ఆ నమ్మకం అతనికుంది. కానీ క్షమించమని అడగవలసిన ఇంకో మనిషి ఇప్పుడు లేదు. అతను గొంతెత్తి ఏడ్చాడు.