దొంగ కప్పు

చెంచా నాలుకమీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని, కాంపౌండరు ఆ చేదు కోసం ఎదురుచూస్తున్నాడు. అది మామూలు చేదు కాదు. నోట్లో పోసుకోగానే తియ్యగా ఉంటుంది. మింగేదాకా బుద్ధిమంతుడిలా కూర్చుంటుంది. హమ్మయ్య, అయిపోయింది అనుకునేసరికి గొంతు వెనకనుంచి మెల్లగా తలెత్తుతుంది. వచ్చింది. కాంపౌండరు మొహం ముడుచుకుని, వెంటనే విచ్చుకుంది.

"వచ్చావా తల్లీ, రా" అన్నాడు చెంచాతో. దాన్ని అలాగే ఏప్రను జేబులో వేసుకున్నాడు. చెంచాలు జేబులో వేసుకోవద్దని గోడమీద అట్ట రాసి అంటించింది ఆయనే.

మనిషి పొట్టి. పొట్ట ఆయనకంటే ఒక అడుగు ముందు నడుస్తుంది. ఏప్రను నిండా రంగుల మరకలు. గులాబి రంగు దురద మందుది, పసుపు నిద్రమాత్రలది, ఎంత ఉతికినా వదలని ఆకుపచ్చ పిల్లల కడుపులో పురుగులు పోయే మందుది. ఇందులో ఒక్క దానిలోనూ మందు లేదు. అదే ఆయన ఉద్యోగం.

ఆ మూడంతస్తుల పరిశోధనశాలలో కొత్త మందులను పరీక్షిస్తారు. రోగుల్లో సగంమందికి అసలు మందు ఇస్తారు, మిగతా సగానికి రంగూ రుచీ చిక్కదనం అచ్చం అలాగే ఉండే ఉత్త మందు ఇస్తారు. ఎవరికి ఏది దక్కిందో తాగినవాళ్ళకు తెలియదు, ఇచ్చిన డాక్టరుకూ తెలియదు. చివర్లో లెక్కలు విప్పి చూసినప్పుడే కొత్త మందులో పస ఉందో లేదో తేలుతుంది. ఆ ఉత్త మందు చేసేది మన కాంపౌండరు. మోకాళ్ళ నొప్పులకీ రక్తపోటుకీ తలతిరుగుడుకీ ఉబ్బసానికీ, ఏ జబ్బుకు కావాలంటే ఆ జబ్బుకు ఏమీ లేని మందు ఎంతో శ్రద్ధగా చేసిపెట్టాడు. ఆయనకు ఉత్తమందు అనే పేరు అలా వచ్చింది.

"మీవారు ఏం చేస్తారండీ?" అని ఎవరైనా అడిగితే ఆయన భార్య, "ఏమీ చెయ్యరండీ. కాకపోతే చాలా జాగ్రత్తగా చేస్తారు" అనేది. మోకాళ్ళ మందు పరీక్షలో చేరిన ఎదురింటి పెద్దాయన ఒకరోజు మెట్లు ఎక్కి వచ్చి, "నీ చేతి చలవ నాయనా, లేడిపిల్లలా నడుస్తున్నాను" అని దీవించి వెళ్ళాడు. ఆయన తాగింది అసలుదో ఉత్తదో కాంపౌండరుకూ తెలియదు. అయినా ఆ పూట కాంపౌండరు రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

ఈ రోజు పొడిదగ్గు మందు సంగతి తేలాలి. సాయంత్రం బండి సీసాలు ఎక్కించుకుని ఆరోగ్య కేంద్రాలకు బయల్దేరాలి. దగ్గులు దగ్గుల కాలంలోనే దొరుకుతాయి కాబట్టి ఈ వారం దాటితే పరీక్ష వచ్చే ఏటికి వాయిదా. ఇప్పటికే రెండుసార్లు ఉత్త మందు రుచి పరీక్షలో తప్పింది. తప్పించినవాడు వాచ్‌మన్.

వాచ్‌మన్ సన్నగా గడకర్రలా ఉంటాడు. మీసం మాత్రం ఇద్దరు మనుషులకు సరిపోతుంది. చాలా ఏళ్ళ కిందట రుచి చూసేవాళ్ళు తక్కువైతే గేటు దగ్గరున్న అతన్ని పిలిచారు. మూడు కప్పులు ముందు పెడతారు. రెండింటిలో ఒకటే మందు, మూడోదానిలో వేరేది. ఆ వేరేదాన్ని కనిపెట్టాలి. కనిపెట్టలేకపోతే ఉత్త మందు బాగా కుదిరినట్టు. వాచ్‌మన్ నోరు పుక్కిలించి, స్టూలు మీద నిటారుగా కూర్చుని, మూడూ రుచి చూసి ఒక కప్పును వేలితో తట్టాడు. "దొంగ ఇదిగో" అన్నాడు. నిజంగా అదే. అప్పటినుంచి అతని నాలుకను దాటకుండా ఏ ఉత్త మందూ ఆ భవనం గడప దాటలేదు. అతని ఉద్యోగ కాలం ఎప్పుడో అయిపోయింది, గేటుకు కొత్త మనిషి కూడా వచ్చాడు. పరిశోధనలన్నీ చూసే పెద్ద మేడమ్ పైవాళ్ళతో మాట్లాడి, ఆ నాలుక కోసమే అతన్ని ఉంచుకుంది.

కాంపౌండరుకూ వాచ్‌మన్‌కూ ఏ చుట్టరికమూ లేదు. కానీ ఒకరినొకరు బావా అని పిలుచుకుంటారు. ఎవరి అక్కను ఎవరు చేసుకున్నారని అడిగితే ఇద్దరూ నవ్వుతారు.

పదకొండింటికి రుచి చూసేవాళ్ళు వచ్చారు. లెక్కల గుమాస్తా, లిఫ్టు నడిపే అక్క, వాచ్‌మన్. గుమాస్తా, లిఫ్టక్క ఎప్పటిలాగే తప్పు చెప్పి పక్కకు తప్పుకున్నారు. వాచ్‌మన్ స్టూలెక్కాడు. కాంపౌండరు ఎప్పటిలాగే పళ్ళెం పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. అప్పుడే గుమ్మంలోంచి పెద్ద మేడమ్ కేకేసింది, బండి ముందే వచ్చేసిందట, పెట్టెలు ఎక్కడ పెట్టాలని డ్రైవరు అడుగుతున్నాడట. కాంపౌండరు పళ్ళెం బల్లమీద పెట్టి తలుపువైపు తిరిగాడు.

వాచ్‌మన్ మూడు కప్పులూ రుచి చూశాడు. తలెత్తి ఎదురుగా చూశాడు. మళ్ళీ రుచి చూశాడు. చివరికి మధ్య కప్పు తట్టి, "దొంగ ఇదిగో" అన్నాడు. గొంతులో ఎప్పుడూ ఉండే ధీమా లేదు.

తప్పు. దొంగ చివరి కప్పులో ఉన్నాడు.

కాంపౌండరు మొహం చేటంత అయింది. గుమాస్తా చప్పట్లు కొట్టాడు. "అమ్మయ్య, గండం గడిచింది" అంది పెద్ద మేడమ్. మూడో ప్రయత్నంలో కాంపౌండరు ఆ నాలుకను ఓడించాడు. ఆనందం పట్టలేక బిస్కెట్లు తెప్పించి అందరికీ పంచాడు, డ్రైవరుకు రెండుసార్లు.

మధ్యాహ్నం బావలిద్దరూ వెనకమెట్లమీద కూర్చున్నారు. కాంపౌండరు ఫ్లాస్కులోంచి టీ పోసి, పొట్లంలోంచి చక్కెర వేసి, జేబులోంచి చెంచా తీసి గిరగిరా కలిపాడు. చెరిసగం పంచాడు. వాచ్‌మన్ గ్లాసు ఎత్తి గటగటా తాగేశాడు.

"ఇవాళ చక్కెర బాగా పడింది బావా. గెలిచిన చెయ్యి కదా!"

కాంపౌండరు కూడా ఒక గుక్క తాగాడు. తియ్యగానే ఉంది. మింగాడు. గొంతు వెనకనుంచి మెల్లగా, నిలువునా, ఆ చేదు తలెత్తింది. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చెంచా వంక చూశాడు. పొద్దున చేదు గుజ్జు కలిపిన చెంచా, అంచున ఇంకా జిగురు అంటుకునే ఉంది.

"బావా, టీ ఎలా ఉందన్నావు?"

వాచ్‌మన్ ఆయన మొహంలోకి చూశాడు. చూడగానే ఖాళీ గ్లాసు మెల్లగా మెట్టుమీద పెట్టేశాడు.

"చేదుగా ఉందా?" అని తనే అడిగాడు.

"విషంలా ఉంది."

"మొన్న వానల్లో నాకు జ్వరం వచ్చిందే, అప్పుడు పోయింది. జ్వరం పోతూ పోతూ రుచిని కూడా మూట గట్టుకుపోయింది. అన్నం తింటుంటే అట్టముక్క నమిలినట్టుంటుంది బావా."

"మరి పోయిన రెండుసార్లూ దొంగను ఎలా పట్టుకున్నావు?"

వాచ్‌మన్ మీసం కింద నవ్వాడు. "నీ మొహంలో పట్టుకున్నాను. నా చెయ్యి దొంగ కప్పు దగ్గరకు వచ్చేసరికి నీ గడ్డం కిందకు జారిపోతుంది, కళ్ళద్దాల వెనక రెప్పలు టపటపా కొట్టుకుంటాయి. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ గేటు దగ్గర మొహాలు చూసినవాణ్ణి. సంచిలో ఏముందో మొహం చెప్పేస్తుంది. ఇవాళ నువ్వు అటు తిరిగావు. నేను చీకట్లో రాయి వేశాను."

కాంపౌండరు తన మొహం తడుముకున్నాడు. తాగేవాడికి తెలియకూడదు, ఇచ్చేవాడికి తెలియకూడదు అని జీవితమంతా సీసాలకు మూతలు బిగించాడు, తన మొహానికి మాత్రం మూత పెట్టుకోవడం మరిచిపోయాడు. దీపం కిందే చీకటంటే ఇదే. అంతలో ఇంకో సంగతి తట్టింది.

"అయితే ఆ రెండుసార్లూ నా మందు బాగానే కుదిరిందేమో కదయ్యా! బిందెలకు బిందెలు పారబోశానే!"

"ఏమో మరి" అన్నాడు వాచ్‌మన్ తప్పు చేసిన పిల్లాడిలా. ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

కాంపౌండరు టీ గ్లాసు పక్కన పెట్టాడు. పొద్దుటి పరీక్ష చెల్లదు. నోరు మూసుకుంటే బండి వెళ్ళిపోతుంది. ఏ ఆరోగ్య కేంద్రంలోనో ఏ దగ్గు ముసలమ్మో ఒక్క గుక్కలో తేడా పసిగట్టి పక్కామెకు చెబుతుంది, ఆ తర్వాత తేలేదంతా అబద్ధమే. నోరు విప్పితే వాచ్‌మన్ వెళ్ళిపోవాలి. అతన్ని ఉంచింది నాలుకే కదా.

"నా మొహం సంగతి ఒక్కటే చెబుతాను బావా. అదీ నిజమే. నీ నాలుక ఊసెందుకు?"

"మళ్ళీ పరీక్ష పెడతారు. మళ్ళీ నన్నే ఎక్కిస్తారు. ఈసారి ఎవరి మొహం చూడను?" వాచ్‌మన్ చేతులు మోకాళ్ళమీద రుద్దుకున్నాడు. "గేటు దగ్గర నిలబడటానికి ఎవడైనా పనికొస్తాడు. ఆ స్టూలు మీద కూర్చుంటే డాక్టర్లు కూడా ఊపిరి బిగబట్టి నా నోటివంక చూసేవాళ్ళు. అది వదులుకోబుద్ధి కాక దాచాను. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. చెంచాతో పట్టావు నువ్వు. పద, మేడమ్ దగ్గరికి."

అన్నీ వాచ్‌మనే చెప్పాడు. కాంపౌండరు పక్కన నిలబడి తన వంతు తప్పు మధ్యమధ్యలో దూర్చాడు. పెద్ద మేడమ్ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"అంటే ఇన్నాళ్ళూ మనం ఈయన మొహాన్ని రుచి చూశామన్నమాట" అని పకపకా నవ్వి, కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఆ తుడవడం నవ్వుకు కావలసినదానికంటే కొంచెం ఎక్కువసేపు సాగింది. "సరే, ఇప్పుడే మళ్ళీ పెడదాం. కాంపౌండరు గారు కనపడకూడదు. కప్పులు సర్దేవాళ్ళు వేరే ఉండాలి, వాళ్ళ మొహంలో ఏమీ తెలియకూడదు."

"అలాంటి మొహం ఈ బిల్డింగులో ఒక్కటే ఉంది" అంది లిఫ్టక్క, వాచ్‌మన్ వైపు చూపిస్తూ.

అడ్డుగా కట్టడానికి గుడ్డ దొరకలేదు. వాచ్‌మన్ తన ఖాకీ కోటు విప్పి, గదికి అడ్డంగా ఉన్న తీగమీద పరిచినట్టు వేశాడు. దాని వెనక కాంపౌండరును గోడవైపు తిప్పి కూర్చోబెట్టాడు. "ఇటు తిరిగావో, పరీక్ష మళ్ళీ మొదటికొస్తుంది బావా" అని గదమాయించాడు. కప్పులు తన ఇష్టం వచ్చినట్టు మార్చి మార్చి సర్దాడు. అతని మొహం మూసిన గేటులా ఉంది.

గుమాస్తా, లిఫ్టక్క, డ్రైవరు, క్యాంటీను వంటామె ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. "మూడూ ఒకేలా ఏడుస్తున్నాయి" అన్నాడు డ్రైవరు. వంటామె మూడూ తాగి, వీటికంటే తన టీయే నయమంది. గుమాస్తా ఒకసారి సరిగ్గా చెప్పి కాలరెగరేశాడు, మరో రెండుసార్లు పెడితే రెండూ తప్పు చెప్పాడు. కోటు వెనక కాంపౌండరు గోడను చూస్తూ ఒక్కో మాటకు ఒక్కోసారి చచ్చి బతికాడు. ఇన్నేళ్ళలో తన మందు గురించి అంత భయంగా ఎప్పుడూ వినలేదు.

"కుదిరింది" అంది పెద్ద మేడమ్. "ఈసారి నిజంగానే కుదిరింది."

సీసాలు బండెక్కాయి. కొత్త మనిషి గేటు తీయబోతుంటే వాచ్‌మన్ పక్కకు జరగమని తనే తీశాడు. బండి మలుపు తిరిగేదాకా చూశాడు.

"మీరు ఉండిపోవచ్చు. ఏదో ఒక పని చూద్దాం" అంది పెద్ద మేడమ్.

"వద్దమ్మా. మా చెల్లెలు ఎప్పటినుంచో రమ్మని పోరుతోంది. నాలుక కోసం ఉన్నాను, అదే లేనప్పుడు ఇంకెందుకు? ఉత్త మందులు ఉన్నచోట ఉత్త మనిషి కూడా ఎందుకమ్మా" అని నవ్వాడు. ఆమె నవ్వలేకపోయింది.

కాంపౌండరు గేటుదాకా వెళ్ళాడు. కోటు లేకుండా అతన్ని చూడటం ఆయనకు ఇదే మొదటిసారి. చొక్కాలో మనిషి మరీ సన్నగా, చిన్నగా ఉన్నాడు. కాంపౌండరుకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. దాచినా ఆ మనిషి దగ్గర ఆగదు కదా.

"బావా, కోటు మరిచిపోయావు."

"అది ఆఫీసుది. దాని పని అక్కడే ఉంది" అన్నాడు వాచ్‌మన్. తర్వాత ఆయన మొహం వంక కాసేపు చూసి, "ఇంక చాల్లే, అంతా కనపడుతోంది" అన్నాడు. రోడ్డు దాటి, బస్సుల వైపు నడిచాడు, వెనక్కి తిరిగి చూడలేదు.

కాంపౌండరు గదికి తిరిగొచ్చాడు. లిఫ్టక్క కప్పులు కడగడానికి తీసుకుపోయింది. బల్ల ఖాళీగా ఉంది. తీగమీద ఖాకీ కోటు అలాగే వేలాడుతోంది, ఫ్యాను గాలికి ఒక చెయ్యి కొద్దిగా కదులుతోంది, మిగతా ఇత్తడి బొత్తాల మధ్య, ఊడిపోయిన రెండోదాని స్థానంలో తెల్లదారంతో కుట్టిన నల్లబొత్తం ఒకటి దొంగలా ఉంది.