మా రెండో అమ్మాయి

"నా చెక్క హ్యాంగరు ఎవరు తీశారు?" అని మా ఆయన మూడోసారి అరిచేసరికి స్టవ్ తగ్గించి పడగ్గదిలోకి వెళ్ళాను.

మా ఇంట్లో పదకొండు హ్యాంగర్లున్నాయి. ప్లాస్టిక్‌వి పది, చెక్కది ఒకటి. ఆ చెక్కది ఆయన పనిచేసిన ప్రింటింగ్ ప్రెస్సులో ఇరవై ఏళ్ళు నిండినప్పుడు పెట్టిన కోటుతో పాటు వచ్చింది. కోటుకి చిమట పట్టి ఎప్పుడో పోయింది. ప్రెస్సు వాళ్ళు ఈయన్ని తీసేసి ఏడాది దాటింది. హ్యాంగరు మాత్రం ఇంకా ఆయన ఆస్తే.

"నేనే తీశాను నాన్నా. కొత్త కోటు, భుజాల దగ్గర నలుగుతుందని," అంది మా అమ్మాయి తల దువ్వుకుంటూ.

"ప్లాస్టిక్ దానికి తగిలిస్తే కోటు ఏడుస్తుందా?"

"దానికి రెండో కోటు తగిలించాను."

"రెండో కోటు ఏమిటే?" అన్నాను.

దువ్వెన ఆగింది. నేను అలమార తలుపు తీశాను. చెక్క హ్యాంగరు మీద తెల్లకోటు, జేబు మీద ఆసుపత్రి పేరు. పక్కనే ప్లాస్టిక్ హ్యాంగరు మీద లేతనీలం కోటు, జేబు మీద మెయిన్ రోడ్డులో కొత్తగా పెట్టిన పరీక్షల సెంటర్ పేరు. మా అమ్మాయి ల్యాబ్ టెక్నీషియన్. రక్తం తీయడం, పరీక్ష చెయ్యడం, రిపోర్టు రాయడం దాని పని. ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చిందని మూడు వారాల కిందట చెప్పింది. సెంటర్ సంగతి నాకు తెలియదు. ఆయనకి తెలుసు. ఆయన ముఖం చూస్తేనే అర్థమైంది.

"రెండు చోట్లా వస్తానన్నావా?"

"అమ్మా, సెంటర్‌లో జీతం ఎక్కువ, మెషీన్లు కొత్తవి. కోటు కుట్టించుకోమన్నారు కానీ, నా సర్టిఫికెట్లు చూసి ఇంకా ఖాయం చెయ్యలేదు. ఖాయమయ్యాక ఆసుపత్రికి చెప్తాను."

"రెండు చోట్లా ఎప్పుడు చేరాలి?"

"సోమవారం."

"ఇవాళ మంగళవారం."

"ఆదివారం దాకా టైముందిగా. ఒంట్లో బాగాలేదని మెయిల్ పెడతాను."

కిటికీ దగ్గర ఊలు చిక్కు తీసుకుంటున్న మా అత్తయ్య తలెత్తకుండానే అందుకుంది. "అవ్వా కావాలి, బువ్వా కావాలి."

"నేను రెండూ చెయ్యను నాన్నమ్మా. ఒకటి ఊరికే పట్టుకుని ఉంచానంతే."

"బస్సులో పక్క సీటు మీద సంచి పెట్టుకుని, నిలబడ్డవాళ్ళు కనపడకుండా కిటికీలోంచి బయటికి చూస్తారే, అలాగన్నమాట."

"మధ్యలో నీకెందుకమ్మా?" అని మా ఆయన వాళ్ళమ్మని కసిరి నా వైపు తిరిగారు. "నాకు ప్రెస్సు వాళ్ళెంత టైమిచ్చారు? మూడింటికి కాగితం చేతిలో పెట్టి నాలుగింటికి గేటు చూపించారు. వాళ్ళకి లేని నీతి మనకెందుకు? కుక్క కాటుకి చెప్పుదెబ్బ."

"కరిచింది ప్రెస్సు. చెప్పుదెబ్బ ఆసుపత్రికా?"

ఆయన తెల్లకోటు తీసి మంచం మీద పడేసి, హ్యాంగరు పట్టుకుని వెళ్ళిపోయారు.

ఆ కోటు మడత పెడుతుంటే చూశాను, కుడి చెయ్యి రెండు వేళ్ళు పొట్టిగా ఉంది. అది చేసిన పని నాకు నచ్చలేదు, నిజమే. అయినా చెయ్యి పొట్టి కోటు ఇంట్లో ఉంటే నాకు నిద్ర పట్టదు. మర్నాడు దాన్ని తీసుకుని టైలరు దగ్గరికి వెళ్ళాను.

టైలరు కొట్టు ఒక తలుపంత వెడల్పు ఉంటుంది. ఆసుపత్రులకీ ల్యాబులకీ కోట్లు కుట్టేది చుట్టుపక్కల అతనొక్కడే. గోడ పొడుగునా పేర్లు కుట్టిన జేబులు బొత్తులు బొత్తులుగా ఉన్నాయి. మా అమ్మాయి ఇద్దరు యజమానుల కోట్లకీ ఒకే కొట్టులో కొలతలిచ్చి వచ్చిందని అప్పుడు అర్థమైంది. చదువుకున్న పిల్ల. నెత్తురుబొట్టులో ఏముందో చెప్పగలదు, ఈ మాత్రం తట్టలేదు.

టైలరు కొలతల పుస్తకం తీశాడు. "కొలతలు మా కుర్రాడు రాసుకున్నాడు. ఇదేంటమ్మా, నీలం కోటుకీ దీనికీ ఒకే అడ్రసు. మీకు ఇద్దరమ్మాయిలా?"

నేను తల ఊపాను.

"కవలలా? ఒక్క నూలుపోగు తేడా లేదు!"

దానికీ ఊపాను. కూరల దుకాణంలో ఒక నిమ్మకాయ ఎక్కువ వస్తే తిరిగి వెళ్ళి ఇచ్చొచ్చే మనిషిని నేను. నోరు తెరిచి అబద్ధం చెప్పలేదు కదా అని, చెయ్యి సరిచేయించిన కోటుతో బస్సు ఎక్కేదాకా సర్దిచెప్పుకున్నాను. బస్సెక్కాక ఆ మాట నాకే నచ్చలేదు.

గురువారం పది గంటలకి ఫోన్ మోగింది. ఉద్యోగం ఫారంలో అర్జంటైతే ఎవరికి ఫోన్ చెయ్యాలి అన్నచోట మా అమ్మాయి నా నంబరు రాసిందట.

"ఆసుపత్రి ల్యాబులో సీనియర్‌నండీ," అంది అవతల ఒక పెద్దావిడ. "మీ అమ్మాయి ఫోన్ ఎత్తట్లేదు. పర్లేదు, అసలు పని మీతోనే. మన టైలరు చెప్పాడు, మీకు ఇంకో అమ్మాయి కూడా ఉందట, తనదీ ఇదే లైనట. చెప్పనేలేదే!"

నా చేతిలో గరిటె ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"నాకు మోకాలి ఆపరేషనండీ. రెండుసార్లు తేదీ తీసుకుని వదులుకున్నాను, ల్యాబులో మనిషి లేక. మీ అమ్మాయి వస్తానన్నాకే ఈసారి ఖాయం చేశాను. వచ్చే వారమంతా పక్కన కూచోబెట్టి నేర్పించి, ఆ పై సోమవారం నేను ఆపరేషన్‌కి చేరిపోతాను. ఇది తప్పితే మళ్ళీ ఐదు నెలలకి గానీ దొరకదట. ఇప్పటికే మెట్లెక్కాలంటే కూచుని ఎక్కుతున్నా." నవ్వింది. "మీ అమ్మాయి నాకంటే పొడుగు కదా, మైక్రోస్కోపు దగ్గర స్టూలు కూడా ఎత్తు చేయించాను. మీ రెండో అమ్మాయి కూడా వస్తే నేను నిశ్చింతగా పడుకుంటానండీ. ఒకసారి పంపిస్తారా?"

లేదండీ, నాకు ఒక్కతే కూతురు అని చెప్పాలి. నాలుగు ముక్కలు. వాటికి బదులు నా నోటి నుంచి వచ్చింది ఇది: "అడిగి చెప్తానండీ."

ఫోన్ పెట్టేశాక నా మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. లేని పిల్లని ఏమని అడుగుతాను?

మా అమ్మాయి మధ్యాహ్నం వచ్చీరాగానే చెప్పాను. ముందు టైలరుని తిట్టింది, తర్వాత నా మీద పడింది.

"రెండో అమ్మాయి ఏంటమ్మా! నీకసలు బుద్ధుందా?"

"దాన్ని కన్నది నువ్వు. నేను తల ఊపానంతే."

"లిస్టులో ఇంకెవరో ఉంటారు. వాళ్ళని పిలుచుకుంటారు."

"ఆదివారం రాత్రి మెయిల్ పెడితే సోమవారం పొద్దున్న ఎవరొస్తారు? వచ్చినా వారంలో ఎవరు నేర్చుకుంటారు? నీ కోసం ఆవిడ కుంటుకుంటూ ఇంకో ఐదు నెలలు తిరగాలి."

మా ఆయన పేపరు మడిచారు. "ఆవిడ మోకాలికి మనమా బాధ్యులం?"

"స్టూలు ఎత్తు చేయించిందండీ."

"స్టూలుకీ ఉద్యోగానికీ సంబంధం ఏమిటి?"

"హ్యాంగరుకీ ఉద్యోగానికీ ఉన్నంత."

ఆయన మళ్ళీ పేపరు విప్పారు. అత్తయ్య ఊలుండ కింద పడితే మా అమ్మాయే తీసి ఇచ్చింది. ఇచ్చి, ఫోన్ చూసుకుంటూ తన గదిలోకి వెళ్ళిపోయింది. సాయంత్రమంతా బయటికి రాలేదు.

శుక్రవారం మధ్యాహ్నం నలుగురం భోజనాలకి కూర్చున్నాం. పొద్దున్న ఎక్కడికో వెళ్ళి అప్పుడే వచ్చింది మా అమ్మాయి. కూర వడ్డించుకుంటూ, ఉప్పు అందించమన్నంత మామూలుగా అంది:

"సెంటర్‌కి రానని చెప్పేశాను. నీలం కోటు కూడా ఇచ్చేసి వస్తున్నా."

ఆయన చెయ్యి కంచంలో ఆగింది. "ఖాయం కాలేదనా?"

"నిన్న సాయంత్రమే ఖాయమైంది నాన్నా. మెయిల్ వచ్చింది."

"వచ్చాక వదిలేశావా? జీతంలో మూడో వంతు పోయిందే!"

"తెలుసు. కౌంటర్లో ఆవిడకి రానంటే, సరే, తర్వాత వాళ్ళని పిలుస్తాం అంది. అరనిమిషం పట్టలేదు. ఎందుకని కూడా అడగలేదు." ముద్ద నోట్లో పెట్టుకుని నమిలింది. "అక్కణ్ణించి ఆసుపత్రికి వెళ్ళాను. సీనియర్ ఆవిడకి మొత్తం చెప్పేశాను, రెండు చోట్లా ఒప్పుకున్నానని, ఒంట్లో బాగాలేదని రాద్దామనుకున్నానని."

"అదంతా ఎందుకు చెప్పడం?" అన్నారాయన. "ఇప్పుడు వాళ్ళూ వద్దంటే రెంటికీ చెడ్డ రేవడివి అవుతావు."

"అయ్యేదాన్నే. ఆవిడకి చాలా కోపమొచ్చింది. కాసేపు నా వైపే చూడలేదు. తర్వాత, తేదీ మార్చుకోవాలా వద్దా, అదొక్కటి చెప్పు అంది. వద్దన్నాను. సోమవారం చేరుతున్నా. ఆవిడ తిరిగొచ్చేదాకా ఎవరు పిలిచినా కదలను. ఆ తర్వాత మారినా నెల ముందు చెప్పి మారతాను."

ఆయన మంచినీళ్ళు తాగి, "అయితే ఇక ఒక్క కోటేగా, ప్లాస్టిక్ దానికి తగిలించుకో," అన్నారు.

"తగిలించాను నాన్నా."

"మరి రెండో మనవరాలి సంగతేం చేశావే?" అంది అత్తయ్య, ముసిముసిగా.

మా అమ్మాయి నా వైపు చూసింది. "అది నేను చెప్పలేదు. ఆ విషయం మా అమ్మ రెండు గంటలకి ఫోన్ చేసి చెప్తుందని చెప్పాను. టైలరుకి కూడా నువ్వే చెప్పుకో."

గడియారం చూశాను. ఒకటీ నలభై అయింది.

"సరే," అన్నాను.