ముఖాలు అంటుకుపోయే అద్దం

నేనొకసారి అద్దం ఎంత పల్చగా కోశానంటే, కొన్నాయన దాన్ని ఇంటికి మోసుకెళ్లి గోడకి ఆనించి, చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు. తిరిగొచ్చి చూస్తే అద్దం ఎక్కడుందో కనబడలేదు. ఇప్పటికీ ఆ ఇంట్లోవాళ్లు చేతులు ముందుకు చాచుకునే నడుస్తారు.

ఈ మాట వినగానే మీరు "చాల్లే పెద్దాయనా" అనాలి. లేదంటే, ఆ అద్దాన్ని ఒక దొంగ ఎత్తుకెళ్లి, ఎత్తుకెళ్లాడో లేదో వాడికే తెలియక మళ్లీ వచ్చి ఇంటివాళ్లని అడిగాడని నాకు ఎదురు కోయాలి. మా అద్దాల కొట్టులో అదే పద్ధతి. నమ్మినవాళ్లు ఓడిపోయినట్టు.

ఈ ఆటలో నన్ను మించింది మా మనవరాలు. ఒకచోట కుదురుగా ఉండదని దాన్ని మిడత అంటాం. ఆరో తరగతి చదువుతోంది. వాళ్లమ్మ, అంటే మా అమ్మాయి, ఆసుపత్రిలో నర్సు. నాన్న ఓడ మీద వంటవాడు, ఎప్పుడొస్తాడో ఓడకే తెలియాలి. అందుకని బడి వదలగానే మిడత నా కొట్టుకొచ్చేస్తుంది. అమ్మ డ్యూటీ దిగేదాకా నేను గాజు కోస్తూ ఒక కోత కోస్తాను, అది స్టూలు మీద కాళ్లూపుకుంటూ దాని మీద ఇంకోటి కోస్తుంది.

అలాంటి పిల్ల ఒకరోజు నన్ను నమ్మేసింది.

ఆ రోజు నేను చెప్పిందేమిటంటే, ఒకావిడని కిటికీ కొలత తెమ్మంటే కిటికీనే ఊడబీకి సంచిలో వేసుకొచ్చిందని, కిటికీ ఇక్కడుంది గనక వాళ్లింట్లో పడాల్సిన ఎండంతా మన కొట్టులో పడుతోందని. మిడత తలెత్తకుండా "అవునా తాతా" అంది. కళ్లు ఫోనులో ఉన్నాయి. మర్నాడు ఇంకా పెద్దది చెప్పాను. "ఓహో" అంది. నా చేతిలో గాజు కోసే చక్రం అక్కడికక్కడే ఆగిపోయింది. ఒళ్లు కాలే జ్వరంలో కూడా నాతో వాదించే పిల్ల. అది నేను చెప్పినదానికల్లా తలూపుతోందంటే దాని బుర్ర ఇంకెక్కడో ఇరుక్కుందన్నమాట.

ఇక నాకు అనుమానం పట్టుకుంది. పార్సిల్ తెచ్చినతను దాన్ని చూసి నవ్వితే ఎందుకు నవ్వాడని అనుమానం. ఎదురుగా జిరాక్స్ షాపు ఆయన షట్టరు సగమే ఎత్తితే, మిగతా సగం వెనక ఏముందని అనుమానం. నాకు గాజుకి వాడే మైనం అమ్మే మనిషిని, ఏళ్ల తరబడి తెలిసినవాణ్ని, నీ ఫోనులో ఏముందో చూపించమని అడిగేశాను. పాపం, వాళ్లావిడ ఫోటో చూపించి, నావైపు అదోలా చూసి వెళ్లిపోయాడు.

నేను దగ్గరికి వెళితే చాలు, మిడత ఫోను బోర్లా పెట్టేసేది. ఎక్కడ పెట్టేది? నా కౌంటరు మీద. నా కౌంటరు దేనితో చేసింది? గాజుతో.

ఒక సాయంత్రం గాజు ముక్కలు కింద పడ్డాయి. ఎలా పడ్డాయని అడక్కండి. ఊడవడానికి చీపురు పట్టుకుని కౌంటరు కింద దూరాను. అప్పుడే ఏదో వచ్చినట్టుంది, ఫోను వెలిగింది. గాజులోంచి ఆ వెలుగు నేరుగా నా ముఖం మీద పడింది. ఒక కుందేలు బొమ్మ, దాని పక్కన నాలుగు మాటలు. నాకు చదువు అంతంత మాత్రం. కూడబలుక్కుంటూ చదివాను. "శనివారం ఒక్కదానివే రా. ఇంట్లో చెప్పకు. చెప్తే ఏమవుతుందో తెలుసుగా."

చీపురు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. నా పిల్లని ఎవరో ఎక్కడికో రమ్మంటున్నారు. అది వెళ్లకుండా చూడాలి. ఇక నాకు కావలసింది అదొక్కటే.

మా అమ్మాయి డ్యూటీ దిగి వచ్చాక పక్కకి పిలిచి సంగతంతా చెప్పాను. ఆసుపత్రిలో పొద్దున్నుంచీ నిలబడి కాళ్లు పీకేసిన మనిషి. విని ఒక నిట్టూర్పు విడిచింది.

"నాన్నా, నిన్నేమో గాజు పలకలో ఏనుగు ఇరుక్కుందన్నావు. ఇవాళ గాజు కింద కుందేలా?"

ఒట్టేసి చెప్పాను. ఏనుగప్పుడూ ఒట్టేశావుగా అంది. పోనీ ఫోను లాక్కుందామా అనుకున్నాను. లాక్కుంటే పిల్ల నోరు కట్టేసుకుంటుంది, ఆ శనివారం ఎక్కడికి వెళుతుందో కూడా తెలియకుండా పోతుంది. అందుకని ఊరుకున్నాను.

మర్నాడు మిడత రాగానే, నీకెవరో కొత్త స్నేహితురాలు దొరికినట్టుందే, నాకంటే బాగా కోస్తుందా అని మామూలుగా అడిగాను. కాసేపు గొణిగింది. నేను కోప్పడకపోయేసరికి ఒక్కొక్కటే బయటపెట్టింది. బొమ్మలు వేసే ఆటలో పరిచయమట. పేరు కుందేలు. తనదీ ఆరో తరగతేనట. చాలా మంచిదట. మిడతకి లెక్కల టీచరంటే భయమంటే కుందేలుకీ భయమే. మిడత కప్పు పగలగొడితే కుందేలూ పగలగొట్టింది. మిడతకి అమ్మ మీద కోపమొస్తే, పాపం, కుందేలుకీ వాళ్లమ్మ మీద కోపమే.

"మీరిద్దరూ ఎప్పుడైనా పోట్లాడుకున్నారా?"

"లేదు తాతా. తను అస్సలు పోట్లాడదు."

"నువ్వు చెప్పింది అబద్ధమని ఎప్పుడైనా అందా?"

అనలేదట. ఒక్కసారి కూడా అనలేదట.

జీవితమంతా అబద్ధాలు చెప్పి బతికినవాణ్ని, వినేవాళ్ల సంగతి నాకు తెలియదా? నా కోతలు విని పిల్లలెవరూ ఊరుకోరు. ఛీ అంటారు, రుజువేదంటారు, లేదంటే నా నెత్తినెక్కి ఇంకా పెద్దది చెబుతారు. ప్రతిదానికీ తలూపేది పెద్దవాళ్లే. అదీ నాతో పని పడి, ధర తగ్గించమని అడగబోయేవాళ్లే.

ఈ మాట దానికి చెప్పలేదు. చెబితే తాతకి కుళ్లు అనుకుంటుంది. పందెం వేశాను. మన కోత ఒకటి కుందేలుకి పంపు, అదే కోత నీ బెంచీలో కూర్చునే బొంగరానికీ పంపు, ఎవరు బాగా కోస్తారో చూద్దామన్నాను. బొంగరం అంటే మిడత స్నేహితురాలు, మాట్లాడేటప్పుడు గిరగిరా తిరుగుతుంది. పందెం అనేసరికి మిడత కళ్లల్లోకి వెలుగొచ్చింది. ఇద్దరం కలిసి ఒక కోత అల్లాం. మా తాత కొట్టులో ఒక అద్దముంది, అందులో చూసుకున్నవాళ్ల ముఖం అక్కడే అంటుకుపోతుంది, సాయంత్రం వాటిని గోకి బకెట్‌లో వేసి పారబోస్తాం. అదీ కోత.

ముందు బొంగరం జవాబిచ్చింది. ఆ బకెట్ పొరపాటున మా అన్నయ్య మీద ఒంపారు, అందుకే వాడికి రెండు ముక్కులు అని. మిడత పడీ పడీ నవ్వింది.

తర్వాత కుందేలు. మిడత పైకి చదివింది. "అబ్బ, నిజమా? నువ్వెంత అదృష్టవంతురాలివి. ఆ అద్దం ముందు నువ్వొక్కదానివే నిలబడి నాకో ఫోటో పంపవా? మీ తాత కొట్టు ఎక్కడ?"

మిడత నవ్వు ఆగిపోయింది. దానంతట అదే ఇంకోటి పంపింది. తాతకి అసలు కొట్టే లేదు, సముద్రం అడుగున చేపలకి కళ్లజోళ్లు అమ్ముతాడని. వెంటనే జవాబొచ్చింది. "మా తాత కూడా."

ఆ రెండు జవాబుల్నీ పైకీ కిందికీ జరిపి చూసింది. తర్వాత ఫోను కౌంటరు మీద పెట్టింది. ఈసారి బోర్లా కాదు.

"తాతా, ఇది పిల్ల కాదు కదా?"

నేను దాని తల నిమిరాను. అప్పుడు ఏడుస్తూ మిగతాది చెప్పింది. లెక్కల టీచరులా ముక్కుతో ఎక్కం చెప్పి, ఆవిణ్ని వెక్కిరిస్తూ కుందేలుకి ఒక వాయిస్ పంపిందట. అప్పట్లో కుందేలు భలే ఉందంది. ఇప్పుడు శనివారం పార్కుకి రాకపోతే దాన్ని క్లాసు గ్రూపులో పెడతానంటోంది. ఇంట్లో చెబితే అమ్మ ఫోను లాగేసుకుంటుంది, బడిలో తెలిస్తే పరువు పోతుంది. ఎటూ దారి లేక వెళ్లి వచ్చేద్దామనే అనుకుందట.

మా అమ్మాయి వచ్చేసరికి ఇద్దరం కౌంటరు వెనక కూర్చుని ఉన్నాం. నేను చెబితే మళ్లీ ఏనుగు గుర్తొస్తుందని పిల్లతోనే చెప్పించాను. వింటూ వింటూ మా అమ్మాయి నావైపు అనుమానంగా చూసింది, ఇద్దరూ కలిసి కట్టిన కథేమోనని. అప్పుడు మిడత ఫోను చూపించింది. చదువుతుంటే మా అమ్మాయి ముఖం పాలిపోయింది. ఫోను లాక్కోబోయింది.

"అమ్మాయ్, ఇవాళ చెప్పినందుకు ఫోను పోయిందనుకో, రేపు ఇంకేదొచ్చినా మనకి చెప్పదు" అన్నాను.

చెయ్యి వెనక్కి తీసుకుంది. స్టూలు మీద కూర్చుని కూతుర్ని దగ్గరికి లాక్కుంది. నీ మాట నమ్మే బుద్ధి నాకు నిన్ననే ఉండుంటే అంది. అది నాకు చెప్పిన క్షమాపణో ఏమో, నేను అలాగే తీసుకున్నాను.

కుందేలుకి జవాబివ్వలేదు. ఒక్క మాటా చెరపలేదు, అన్నీ ఫోటోలు తీసి పెట్టుకుని పోలీసుల దగ్గరికి వెళ్లాం. ఇలాంటివి చూసే మేడమ్ ఒకావిడ పిల్లతో మెల్లగా మాట్లాడింది. తప్పు నీది కాదని మొదటే చెప్పింది. శనివారం సంగతి తాము చూసుకుంటామని, ఎవరూ పార్కు వైపు రావద్దని అంది. నేను చూసిందంతా ఒక్క కోత కూడా లేకుండా చెప్పాను. చెమటలు పట్టేశాయి.

వాయిస్ సంగతి మిడతే తేల్చుకుంది. అమ్మని వెంటబెట్టుకుని బడికెళ్లి, లెక్కల టీచరుకి తనే వినిపించి తప్పు ఒప్పుకుంది. ఆవిడ రెండుసార్లు విని, ముక్కు బాగానే కుదిరింది గానీ ఎక్కం తప్పు చెప్పావంది. ఇక గ్రూపులో ఎవరు పెడితే మాత్రం ఏముంది?

శనివారం వచ్చింది. మిడతని కొట్టు వెనక గదిలో కూర్చోబెట్టాను. సరిగ్గా కుందేలు రమ్మన్న వేళకి ఒక మనిషి లోపలికొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫోను. అద్దాల వైపు కాకుండా తలుపుల వైపు చూస్తున్నాడు. ఏం కావాలన్నాను. కాసేపు తటపటాయించాడు.

"మీ దగ్గర ముఖాలు అంటుకుపోయే అద్దం ఒకటుందట."

ఆ అద్దం సంగతి కుందేలుకి తెలుసు. కొట్టు ఎక్కడని కూడా అడిగింది. వెనక గది తలుపుకి అడ్డంగా జరిగి నిలబడ్డాను. ఇక వదిలానా, అద్దం వెడల్పెంత కావాలి, ఫ్రేము చెక్కదా ఇనుపదా, ఇల్లెక్కడ, ఎవరు చెప్పారు అని ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తూ, ఒక చేత్తో మేడమ్ నంబరు నొక్కబోయాను. ఇంతలో నా వెనక తలుపు తెరుచుకుంది.

"తాతా, ఈయన బొంగరం వాళ్ల నాన్న" అంది మిడత.

నేను కూలబడ్డాను. ఆయనా కూర్చున్నాడు. అద్దం కోసం రాలేదని, ఎలా మొదలుపెట్టాలో తెలియక అలా అన్నానని గొణిగాడు. మిడత సంగతి కూతురు చెప్పిందట. చెప్పి, అంతా అయ్యాక ఏడ్చిందట. దాని ఫోనులో కూడా ఈమధ్య ఒక స్నేహితురాలు చేరింది. పిల్లిపిల్ల బొమ్మ. చాలా మంచిదట, అస్సలు పోట్లాడదట.

అప్పుడే ఫోను మోగింది. మేడమ్. పార్కులో నా అల్లుడంత వయసున్న మనిషొకడు దొరికాడని, వాడి ఫోనులో ఇంకా చాలా పేర్లున్నాయని చెప్పింది. విని ఫోను ఆయన చేతికిచ్చాను, మీ పిల్లిపిల్ల సంగతి కూడా చెప్పండని.

ఆయన మాట్లాడడం అయ్యాక మిడత స్టూలెక్కి కూర్చుని కాళ్లూపింది.

"అంకుల్, ఆ పిల్లిపిల్లకేం జవాబివ్వొద్దని బొంగరానికి చెప్పండి. ఇకమీదట కొత్తవాళ్లెవరైనా వస్తే ముందో పెద్ద అబద్ధం చెప్పి చూడమనండి. మా తాత దగ్గర కావలసినంత స్టాకుంది."

ఉంది నిజమే అన్నాను నేను. వెనక గదిలో చోటు చాలక మేడ మీద కూడా పేర్చానన్నాను.

"మనకి మేడెక్కడుంది తాతా" అంది మిడత.